పిన్‌బాల్ మిషన్‌లో నూనె

నాయనా, నేను దర్శి బడికి పాఠాలు చెప్పేదానికి పోతున్నా. నా పిన్‌బాల్ ఆట మిషన్ స్విచ్ వేయొద్దు. దాని పై అద్దం ఊడదీసి మంచం మీద పెట్టినాను, పగలకుండా చూసుకొని కూర్చో. సాయంత్రం వచ్చి నేనే తుడుస్తా, నువ్వు గుడ్డ పట్టుకోవద్దు.

అందులో కుట్టుమిషన్ నూనె ఎవరు పోయమన్నారు నిన్ను? "బిగుసుకుపోయిందమ్మా, రెండు చుక్కలేసినా" అంటివి. రెండు చుక్కలా అవి? గుండును కొట్టే రెక్కలు జిడ్డుకు అతుక్కుపోయినాయి. లోపల పొడిగా ఉండాలని చెప్పలేదా? మార్కాపురమంతా నవ్వినా నేను ఇష్టపడి తెచ్చుకున్న మొదటి మిషన్ అది. నీ బోరు మోటారులో నేనెప్పుడన్నా వేలు పెట్టినానా?

పప్పు వేడి చేసుకొని తిను.

కృప

నేను పోగానే నువ్వే దాంతో ఆడుతుంటావంట, పక్కింటి సరోజమ్మత్త చెప్పింది. నా ముందరేమో "ఏందమ్మా ఈ పిల్లచేష్టలు" అంటావు. అడిగితే నేర్పనా నాయనా?