బీర పిందెకు కట్టిన పీలిక

అక్కా,

నీ సంవత్సరీకం అయ్యాక నేనూ పెరట్లో బీర పెట్టాను. నాయుడుపేట అంగట్లో "హైబ్రిడ్డా, నాటా?" అని అడిగితే ఏం చెప్పాలో తెలియక, బొమ్మ బాగున్న ప్యాకెట్ తెచ్చుకున్నాను. తీగ దడంతా పాకింది గానీ, పూలన్నీ పిందె పట్టకుండానే రాలిపోయాయి.

నువ్విచ్చిన గింజలు మాత్రం పక్కింటి మస్తాన్‌బీ పందిరి మీద విరగకాస్తున్నాయి. సొంత చెల్లెలిని పెట్టుకుని వాటిని ఆమెకెందుకు ఇచ్చావో నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఈ ఉదయం శ్రీహరికోటలో రాకెట్ వదిలారు. వాళ్లింట్లో అందరూ మిద్దెక్కి ఆకాశంలోకి చూస్తుంటే నేను వాళ్ల పందిరి కింద నిలబడ్డాను. విత్తనానికి వదిలిన పిందెను ఎవరూ కోయకుండా దానికి గుడ్డపీలిక కట్టి ఉంది. అది నీ ఆకుపచ్చ వెంకటగిరి చీరది. చీర కూడా ఆమెకేనా? పీలిక విప్పి, కొంగున ముడేసుకుని వచ్చేశాను.

మధ్యాహ్నం మస్తాన్‌బీ కోడలు గిన్నెలో బీరకాయ కూర తెచ్చింది.

"గుడ్డ లేదు గదా అని కోసేసినా పిన్నీ. పెద్దమ్మ విత్తనం పోయిందని మా అత్త అన్నం గూడా తినలా."

నేను మాత్రం గిన్నె ఖాళీ చేశాను. అచ్చం నీ పెరటి బీరకాయ రుచే.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. ఏ పిందె విత్తనానికి పనికొస్తుందో మస్తాన్‌బీనే అడిగి, ఆమె చూపించినదానికి నా చీర అంచు చింపి కట్టాను. నీ పీలిక మాత్రం ఇవ్వలేదు.