రూము దిబ్బ

నరసాపురం,
హేవిళంబి నామ సంవత్సరం, మాఘ బహుళ తదియ.

చిరంజీవి గున్నేశ్వరరావును మామ్మ సంపూర్ణమ్మ దీవించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మీ తాతగారి మోకాళ్లు తప్ప తక్కిన కుటుంబమంతా క్షేమం. రాజమహేంద్రవరంలో నువ్వూ, నీ కళ్లజోడూ, నీ కీర్తీ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. బారసాలనాడు బియ్యంలో రాసిన పేరు గున్నయ్య. ఈశ్వరరావు అన్న తోక కాలేజీలో మొలిచింది. మొలిచినదాన్ని కోసేయమనడం బాగుండదు కనుక నేనూ అలాగే రాస్తున్నాను.

నా ఉత్తరాలు నీ బసలో స్నేహితులను కూర్చోబెట్టుకుని పైకి చదువుతావనీ, వాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వుతారనీ విన్నాను. చదువు. దీన్ని ఇంకాస్త గట్టిగా చదువు.

నువ్వు పత్రికలో అచ్చు వేయించిన వ్యాసాన్ని మన ఊరి ప్లీడరు కుక్కుటేశ్వరరావు తెచ్చి వినిపించాడు. మొగల్తూరు దాటాక సముద్రపు ఒడ్డున పల్లెవాళ్లు గుడిసెలు వేసుకున్న దిబ్బ ఉంది కదా, దాని కింద ఉన్నది రెండువేల ఏళ్ల కిందటి రోమకుల భవంతి అని కనిపెట్టావు. పరిశోధన అని నువ్వు అక్కడ గడిపింది ఒక్క పూట. ఎండగా ఉందని అందులో సగం పడవ గూటిలోనే కూర్చున్నావని పడవవాడు చెప్పాడు. అయినా ఆ రోమకుడు ఎక్కడ స్నానం చేశాడో, ఎక్కడ పడుకుని భోజనం చేశాడో నీకు తెలిసిపోయింది. మన ఇళ్లలో పడుకుని తినేది జ్వరం వచ్చినవాడొక్కడే. లోకాన్ని ఏలినవాళ్లంతా అలా తినేవారంటే, వాళ్ల రాజ్యం ఎందుకు పోయిందో నాకు అర్థమైంది. దానికి మళ్లీ వేరే వ్యాసం రాయకు.

ఆ దిబ్బ రోమకులదో కాదో తేల్చి రాయమని కలెక్టరు దొర నిన్నే అడిగాడని తెలిసిన దగ్గర్నుంచీ మీ తాతగారు వీధరుగు దిగడం లేదు. బెల్లం కొట్టు వాళ్ల మనవడి ఒక్క మాట కోసం దొర కాచుకుని ఉన్నాడని దారిన పోయే పాలవాడికి కూడా చెప్పారు. నువ్వు ఇంకా జవాబు పంపలేదని నీ పోయిన ఉత్తరంలో ఉంది. ఆ ఒక్క ఆలస్యమే ఈ వ్యవహారంలో నువ్వు చేసిన తెలివైన పని.

ఇంతలో ప్లీడరు ఒక విహారం తలపెట్టాడు. మనవడి ఘనకార్యం మామ్మగారు కళ్లారా చూడకపోతే ఎలాగండీ అని బతిమాలి నన్నూ పడవ ఎక్కించాడు. పేరులోనే కోడి ఉన్నవాడు కనుక తెల్లవారకుండానే మొదలుపెట్టాడు. పడవలో అతనూ, అతని భార్య పాపాయమ్మా, సర్వే గుమాస్తా ఒకాయనా, నేనూ. నా పులిహోర, పాపాయమ్మ దిబ్బరొట్టె. కాలవ పొడుగునా అతను నీ వ్యాసం చదువుతూనే ఉన్నాడు. ఒడ్డున మేస్తున్న గేదెలు కూడా తలెత్తి విన్నాయి గానీ, వాటికి వేరే పని ఉండడంవల్ల మళ్లీ దించుకున్నాయి. రోమకులు పడుకుని భోంచేసే ఘట్టం వచ్చేసరికి పాపాయమ్మ, అందరూ పడుకుంటే మరి వడ్డించేదెవరండీ అని అడిగింది. బానిసలు అన్నాడు మొగుడు. అయితే ఆ ఊళ్లోనూ నడుం వాల్చే వీల్లేనివాళ్లు ఉన్నారన్నమాట అని ఆ పిల్ల రొట్టె తుంచి అతని ఆకులో వేసింది. ఆ రోజు మొత్తంలో చరిత్ర తెలిసినట్టు మాట్లాడింది ఆమె ఒక్కతే.

పడవ దిగి, బండెక్కి, బండి చక్రం ఇసకలో దిగబడితే అదీ దిగి, చివరికి నీ మహాభవంతి చేరుకున్నాం. మోకాలెత్తు ఇటుక గోడ. గోడ మీద ఆరేసిన వలలు. వలల పక్కన మమ్మల్ని చూసి లేవడానికి కూడా ఇష్టపడని మేక. సింహద్వారం ఇదేనండీ మామ్మగారూ అని ప్లీడరు గాలిలోకి చెయ్యి చూపించాడు. గాలికి నేనూ నమస్కారం పెట్టాను.

అక్కడ లోవమ్మ అనే ఆవిడ ఎదురొచ్చింది. ఇంచుమించు నా ఈడుదే. కొడుకులు వేటకు పోతే చేపలు ఎండబెట్టి సంతలో అమ్మే మనిషి. మేము వాళ్ల నీళ్లు తాగమని ఎరిగినది కనుక, మేము అడక్కుండానే కొబ్బరి బోండాలు కొట్టించింది. దయసేయండమ్మగోరూ, ఎండన పడొచ్చారు అని తనే నా చేతికి ఇచ్చింది. ప్లీడరు దగ్గరకు రాగానే కొంగు నిండుగా కప్పుకుని పక్కకు తప్పుకుంది. అతను బోండం పుచ్చుకుని, ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకుని, మొహం అటు తిప్పుకుని తాగాడు. మొహం అటు తిప్పి బోండం తాగడం ఎంత కష్టమో నీకు తెలుసు. సగం కోటు తాగింది.

తర్వాత నీ స్నానశాల చూశాం. సున్నం గచ్చు చేసిన తొట్టి. నువ్వు రాసినట్టే దిగడానికి మెట్లున్నాయి. నువ్వు రాయనిది ఏమిటంటే, దాని నిండా ఉప్పులో ఊరుతున్న చేపలున్నాయి. రోమక ప్రభువులు ఇందులో పరిమళ తైలాలతో జలకాలాడారని ప్లీడరు జేబురుమాలు లోంచి చెప్పాడు. లోవమ్మ బుగ్గన వేలేసుకుని, మా అత్త నాడు కూడా సేపలు ఊరేసింది ఇందులోనేనండి, రాజులు తానాలాడారా అండి, అందుకేనేంటి ఎంత కడిగినా ఆ కంపు పోదు అంది. పాపాయమ్మ నవ్వు ఆపుకోలేక సముద్రం చూసే నెపం మీద అటు వెళ్లిపోయింది.

నీ రోమక గాజుపాత్ర సంగతి. నువ్వు పత్రికలో బొమ్మ వేయించిన పచ్చగాజు పెంకుకు తోబుట్టువులు ఆ ఇసకలో చాలానే ఉన్నాయి. ఒక దాని అడుగున ఉబ్బెత్తు అక్షరాలున్నాయి. చిన్నప్పుడు మిషను దొరసాని బడిలో నేను ఇంగ్లీషు అక్షరాలు దిద్దానని నీకు గుర్తుంటుంది, మీ ప్లీడరుకు గుర్తులేదు. కూడబలుక్కుని చదివాను. లండనులో ఎవడో సారా కంపెనీవాడి పేరు. రోమకులు లండను నుంచి సారా తెప్పించుకున్నారని ఇంకో వ్యాసం రాస్తావా?

ఇక అన్నిటికన్నా పెద్ద రుజువు, పేరు. స్థానికులు నేటికీ దీనిని రూము దిబ్బ అందురు, రోము శబ్దమే రూము అయినది అని రాశావు. ఆ స్థానికుల్లో ఒక్కరినైనా అడిగావా నాయనా? నేను అడిగాను. లోవమ్మ చెప్పింది ఇది. ఉప్పు కొటారు మీద ఇనస్పెక్టరు దొరగోరు ఉండేవోరండి, ఆయనకి ఈ దిబ్బ మీదన రూము కట్టేరండి, దొరగోరేరీ అంటే రూములో ఉన్నారనేవోరు బంట్రోతులు, గాలివానకి రూము ఎగిరిపోయిందండి, పేరు మాత్రం ఉండిపోయింది అంది. సీసాలెవరివో కూడా దాంతో తేలిపోయింది. రూ అన్నదానికి కొమ్ము దీర్ఘం, రో అన్నదానికి ఓత్వం. ఆ రెంటికీ తేడా తెలియనివాడిచేత మన వీధిబడిలో గోడకుర్చీ వేయించేవారు. ఇప్పుడు కాలేజీలో పంతులుగా కూర్చోబెడుతున్నారు.

ఇంతవరకూ నవ్వుకుని ఇంటికి వచ్చేసేదాన్ని. కానీ ప్లీడరు సముద్రం వైపు తిరిగి సర్వే గుమాస్తాతో ఇంగ్లీషులో మాట్లాడడం మొదలుపెట్టాడు. పక్కనున్నది ముసలిది, దానికేం తెలుసని. దొరసాని చెప్పిన చదువు నాకు ఎంతో మిగల్లేదు గానీ, హట్స్ అంటే గుడిసెలనీ, రిమూవ్ అంటే తీసిపారేయడమనీ తెలియడానికి మిగిలినది చాలు. నీ దగ్గర్నుంచి ఔనన్న మాట రావడమే తరువాయి. దిబ్బను సర్కారువారు పుచ్చుకుంటారు, చుట్టూ కంచె వేస్తారు, గుడిసెలన్నీ కిందకు దించేస్తారు. కంచె దగ్గర పాతే రాతి పలక మీద నీ పేరు కింద తన పేరు కూడా చెక్కించాలని అతని ఆశ. నేను తెలుగులోనే అడిగాను, గుడిసెలు తీసేస్తే వీళ్లెక్కడ ఉంటారయ్యా అని. అతను, కింద ఇసకలో బోలెడు చోటుందండి మామ్మగారూ అన్నాడు.

ఆ ముక్క లోవమ్మ వింది. అంతదాకా నవ్వుతూ చేపలు కోస్తున్న మనిషి చేతిలోని కత్తి కింద పెట్టేసింది. కిందనా అండి, కింద ఉన్నోళ్లెవరూ మిగల్లేదండి అంది. పెద్ద ఉప్పెననాడు ఆమె కొత్త కోడలట. సముద్రం లేచి తాటిచెట్ల మొవ్వుల్లోకి వస్తుంటే అత్త ఈమెను జుట్టు పట్టుకుని ఈ దిబ్బ మీదికి లాక్కొచ్చిందట. తెల్లారి చూస్తే కనుచూపుమేర ఈ దిబ్బ ఒక్కటే నేల. పుట్టింటివాళ్లది కింద ఇసకలో ఇల్లు. ఇల్లు ఎక్కడుండేదో చూపించమని పాపాయమ్మ అడిగితే, సముద్రంలోకి చెయ్యి చూపించింది. ప్లీడరు సింహద్వారం చూపించినట్టే చూపించింది. కానీ ఆ గాలికి నేను నమస్కారం పెట్టలేకపోయాను.

ఆ తీరంలో అంత ఎత్తు చోటు ఇంకొకటి లేదు. నేను నిలబడి నాలుగు దిక్కులా చూశాను. నువ్వు చూడలేదు, నువ్వు పడవలో ఉన్నావు.

కనుక కలెక్టరు దొరకు నువ్వు రాయవలసింది చెబుతున్నాను. రూము అంటే ఉప్పు ఇనస్పెక్టరు గది, గాజు ఆయన తాగి పారేసినది, తొట్టి చేపలు ఊరేసుకునేది, నేను తొందరపడ్డాను, ఆ దిబ్బను సర్కారువారు పుచ్చుకోవలసిన అవసరమేమీ నాకు కనిపించలేదు అని రాయి. పరువు పోతుందంటావు. పోతుంది. పత్రికవాళ్లు నవ్వుతారు, కాలేజీలో పిల్లలు నిన్ను రూము పంతులంటారు. అంత పొడుగు పేరు పెట్టుకున్నావు, ఒక పొరపాటును మోయలేదా అది? ప్లీడరు వాదిస్తే, ఈ ఉత్తరం చదివి వినిపించు. సాక్షికి నేనున్నాను, పాపాయమ్మ ఉంది. అతని కోటు కూడా ఉంది.

వేళకు భోజనం చెయ్యి. కూర్చుని చెయ్యి.

ఇట్లు,
నీ ఆయుష్షునూ, దాంతోపాటు కాస్త బుద్ధినీ దేవుణ్ని వేడుకునే
మామ్మ సంపూర్ణమ్మ.

తా.క.: పైకి చదవడం ఇక్కడ ఆపు. ఈ ముక్క ఒక్కడివే చదువుకుని, చించి పొయ్యిలో పెట్టు.

లోవమ్మ బోండం ఇవ్వడానికి నా ముందు వంగినప్పుడు నల్లపూసల మధ్య నుంచి బంగారు బిళ్ల ఒకటి బయటికి వేళ్లాడింది. ఏంటే అది అంటే, అమ్మోరి బిళ్లండి అంది. దిబ్బ మీద పొయ్యికి గుంట తీస్తుంటే అత్తకు దొరికిందట. పైన చిల్లి పొడిచి తాడుకు గుచ్చుకున్నారు. ఉప్పెననాడు కూడా అత్త మెడలో అదే ఉందట. చూడనిచ్చింది. అందులో ఉన్నది అమ్మోరు కాదు గున్నయ్యా. మీసం లేని మగవాడు, తలకి ఆకుల పట్టీ. చుట్టూ ఉన్న అక్షరాలు కొన్ని అరిగిపోయాయి. అరగనివి సీ, ఏ, ఈ, ఎస్, ఏ, ఆర్. దొరసాని చెప్పిన పాఠాల్లో ఆ పేరు ఉంది. తర్వాత నేను ఆ తొట్టి మెట్ల కింద తడిమి చూశాను. ఒక్కొక్క ఇటుక పీటంత. ఇనస్పెక్టరు రూము కోసం అలాంటి ఇటుక ఎవరూ కాల్చరు.

నువ్వు రాసింది నిజమేరా. రుజువులన్నీ తప్పు, నిజం మాత్రం నిజం. ఇలాంటి అదృష్టం పెద్ద చదువులు చదివినవాళ్లకే పడుతుంది. మీ ప్లీడరు ఆ బిళ్లకు మూరెడు దూరంలో నిలబడ్డాడు. చేపల కంపని మొహం అటు తిప్పాడు గానీ, ఇటు తిప్పి ఉంటే రోము నగరం మొత్తం కనపడేది.

అయినా నేను పైన చెప్పినట్టే రాయి. రెండువేల ఏళ్లు ఆగినవాడు ఇంకా ఆగుతాడు. లోవమ్మ గుడిసె ఇసకలో ఒక్క ఉప్పెనకు ఆగదు. నీకు ఎంత కష్టమో నాకు తెలుసు. తప్పు రాసి తిట్లు తినడం ఎవరైనా చేస్తారు, ఒప్పు రాసి తప్పని ఒప్పుకోవడానికి మనిషి కావాలి. ఆ మనిషి గున్నయ్య అనే అనుకుంటున్నాను.

మేము బండెక్కుతుంటే లోవమ్మ చాటుగా నా దగ్గరకు వచ్చింది. మీరు సదువుకున్నోరు కదమ్మగోరూ, అమ్మోరి సుట్టూ ఏంటని రాసుందండి అని అడిగింది. బిళ్లను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివి, ఈ దిబ్బ దిగవద్దని రాసి ఉందే అని చెప్పాను. కళ్లకద్దుకుని కొంగు కప్పుకుంది.

అర్థం తప్పు చెప్పాను. దాన్ని ఒప్పు చేయడం నీ చేతిలో ఉంది.