చేప మార్కు తువ్వాల

విమలక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. సరుకులకు పేర్లు పెట్టి గుర్తులు గీసే ఆఫీసు కరీంనగర్‌లో నువ్వు తెరిచినప్పుడు నవ్వినవాళ్లే, ఇప్పుడు మన మెట్ల మీద కూర్చుని ఎదురుచూస్తున్నారు. నువ్వు లేకుండా నేను నడపగలనా అన్న అనుమానం మాత్రం నాకు పోలేదు.

నేత సంఘం వాళ్ల తువ్వాలకు మొదటిసారి నేనొక్కదాన్నే గుర్తు గీశాను. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే, రెండు కొసలా సన్నగా ఉండే నాడె బొమ్మ. నువ్వు చేసినట్టే, ఖాయం చేసేముందు ఇచ్చోడలో ఒక దుకాణంలో పెట్టించి పక్కన నిలబడ్డాను. ఒకామె వచ్చి, "గా చేప తువ్వాల ఇయ్యి సేటూ" అంది. నా ప్రాణం ఉసూరుమంది.

సంఘం పెద్ద మల్లయ్యకు భయపడుతూనే చెప్పాను. ఆయన పగలబడి నవ్వాడు.

"మా నాడెను చేపను చేసినవా బిడ్డా! కానీ తియ్. పేరు పెట్టి అడిగిందంటే మళ్లొచ్చి అడుగుతది. మీ అక్క గిదే అంటుండె."

నిజమే, కొనేవాళ్లు పిలిచిందే పేరు అనేదానివి. సాయంత్రం మొదటిసారి నీ కుర్చీలో కూర్చుని, నాడెకు ఒక కన్ను పెట్టాను.