తాగనోడి తూలుడు

2025 జూన్ 9, సోమవారం

నాయనను గేటు డ్యూటీ నుంచి తీసేశారు. తాగి వచ్చాడట!

మా నాయన చంద్రయ్య. మెడలో, మందు ముట్టనివాళ్లు కట్టుకునే తులసి పూసల కంఠి ఉన్న మనిషి. అమ్మవారి ముందు కల్లు ధారగా సాక పోయాల్సి వచ్చినా సీసా ముట్టడు, పక్కవాడి చేత పోయిస్తాడు. దావత్‌లో కల్లు ముంత తన వైపు వస్తుంటే లేచి బయటికి పోతాడు. అట్లాంటి మనిషిని కోకాపేట టవర్ గేటు దగ్గర, కార్లు ఆగి చూస్తుండగా, తాగుబోతన్నారు.

ఎవరో ఫ్లాట్ ఓనర్ వీడియో తీసి వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అదే టవర్‌లో హౌస్‌కీపింగ్ చేస్తుంది అమ్మ. వీడియో సంపాదించి నాకు చూపించింది. నాయన గేటు తెరవడానికి నడుస్తున్నాడు. కాళ్లు ఎడంగా పెట్టి, కదిలే బస్సులో నడిచినట్టు. ఒకచోట స్తంభం పట్టుకుని ఆగాడు. కింద అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు.

కొన్నాళ్లుగా తూలుతున్నాడు, నిజమే. మాట కూడా ముద్దగా వస్తోంది. అమ్మ షుగర్ అనుకుంది. నేను నిద్ర చాలక అనుకున్నాను. డబుల్ డ్యూటీలు చేయిస్తే ఎవడు తూలడు?

రేపు నేను పోతున్నాను. వదిలిపెట్టను.

జూన్ 10, మధ్యాహ్నం

డెలివరీ యాప్ ఆఫ్ చేసి నాయనను బండి మీద తీసుకెళ్లాను. అక్కడి ఫెసిలిటీ మేనేజర్ భీమేశ్వరరావుది గుంటూరు వైపు. చాలా మెత్తగా మాట్లాడతాడు. నాకు ఆ మెత్తదనానికే ఒళ్లు మండుతుంది. డ్రైవర్ల కోసం పెట్టుకున్న ఊదే మెషిన్ తెప్పించమన్నాను. నాయన ఊదాడు. సున్నా. మళ్లీ ఊదించాను. సున్నా. గేటు దగ్గరున్న ప్రతి ఒక్కరి మొహం ముందు ఆ మెషిన్ పెట్టాను. అరిచాను కూడా.

భీమేశ్వరరావు నన్ను పక్కకు తీసుకెళ్లాడు. మెషిన్ సంగతి వదిలెయ్ బాబూ, వీడియో అందరూ చూసేశారు కదా అన్నాడు. ఆదివారం ఓనర్ల అసోసియేషన్ ముందు మీ నాన్నని నిలబడి, తాగాను, తప్పయింది, ఇంక ముట్టను అనమను, డ్యూటీ ఎక్కించే పూచీ నాది, మొన్న ఇద్దరిని అలాగే తీసుకున్నాం అన్నాడు.

తాగని మనిషి తాగానని చెప్పాలట! అబద్ధంతో వచ్చే అన్నం మాకొద్దు అన్నాను. అది నేను రాసిన వాక్యమే. మా డెలివరీ యూనియన్ సెక్రటరీ ఓదెలన్న దాన్ని కరపత్రం మీద పెద్ద అక్షరాల్లో వేయించాడు. అన్న ఇచ్చిన కరపత్రాలన్నీ చదివి చదివీ నాకు వచ్చిన భాష అది.

తిరిగి వచ్చేటప్పుడు నాయన వెనక కూర్చుని, ఒక్క మాటనే గద బిడ్డా అన్నాడు. వినపడనట్టు స్పీడు పెంచాను.

జూన్ 24

తాగలేదని తేలాలంటే ఏమిటో తేలాలి. అందుకని పెద్ద దవాఖానకు తీసుకెళ్లాను. న్యూరాలజీలో డాక్టర్ కిరణ్మయి చూసింది. కాకినాడ అమ్మాయి, నాకంటే నాలుగేళ్లు పెద్దదేమో. టైల్స్ మధ్య గీత మీద మడమకు కాలివేలు ఆనించి నడవమంది. నాయన నడవలేకపోయాడు. ముక్కు ముట్టుకుని తన వేలు ముట్టుకోమంది. నాయన వేలు గాలిలో వెతుక్కుంటూ పోయి పక్కకు తగిలింది. నేను కిటికీ వైపు చూశాను.

మీ ఇంట్లో ఇంకెవరైనా ఇలా నడిచేవారాండీ అని అడిగింది. నాయన వేళ్లు మెడలో కంఠి మీదికి పోయాయి. మా అయ్య తూలుతుండె, గని ఆయన తాగుబోతు మేడమ్ అన్నాడు. నడుస్తూ నడుస్తూ బావిలో పడి చనిపోయాడట తాత. ఆ దినాల రోజే, నేనట్ల కావద్దని నాయన మెడకు కంఠి కట్టుకున్నాడట. నాకు ఈ సంగతి ఇన్నాళ్లూ తెలియదు.

ఆవిడ ఇంకొకటి అడిగింది. తాగి తూలేవారా, తాగకముందు కూడా తూలేవారా అని.

నాయనకు జవాబు తెలియదు. ఇప్పుడు తెలిసినవాళ్లు ఎవరూ లేరు.

రక్తం తీసుకున్నారు. తమ రీసెర్చ్ ప్రాజెక్టులో పెడుతుందట. జీన్ టెస్ట్.

జూలై 20, ఆదివారం. బోనాలు

నిజాంపేటలో మా బస్తీ బోనాలు. అమ్మ బోనం ఎత్తింది. వెనక నాయన నడుస్తున్నాడు. డప్పుల మధ్యలో అటొకసారి ఇటొకసారి తూలాడు. వెంటనే ఎవరో కేక పెట్టారు, చంద్రయ్యకు శిగమొచ్చింది రో, అమ్మవారు పూనింది అని. ఆడవాళ్లు వచ్చి కాళ్ల మీద నీళ్లు పోశారు. పసుపు రాశారు. వేపమండలు చేతికిచ్చారు. పోయిన నెల ఆ వీడియో చూసి తాగుబోతన్న నోళ్లే, తల్లీ, నీకేం గావాలె చెప్పు తల్లీ అని దండం పెట్టాయి.

నాయన నోరు తెరిచాడు. నౌకరీ అన్నాడు.

నాకు అర్థమైంది. ముద్ద మాట కదా, ఇంకెవరికీ అర్థం కాలేదు. నవధాన్యాలు అడుగుతుంది తల్లి, జల్ది తేండ్రి అని ఒకామె అరిచింది. తెచ్చి ఒళ్లో పోశారు.

ఇంటికి వచ్చి నాయన మంచం మీద కూర్చుని నవ్వాడు, కళ్లలో నీళ్లొచ్చేదాకా. తాగిండన్నరు, అమ్మవారొచ్చిందన్నరు, ఇగ దవాఖానోళ్లేమంటరో సూడాలె అన్నాడు. అమ్మ మాత్రం నవ్వలేదు. బట్టల్లోంచి రాలిన పెసలు, అలసందలు ఏరి మరునాటికి నానబెట్టింది.

ఆగస్టు 18

వచ్చింది. జీన్ రిపోర్టు. పీఆర్‌కేసీజీ. ఆ జీన్‌లో ఒక్క అక్షరం తప్పు.

కిరణ్మయి మేడమ్ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. ఆ జీన్ చేసేది ప్రోటీన్ కైనేజ్ సి గామా అనే ఎంజైమ్. గుండెలో, కాలేయంలో దాదాపు దొరకదు, మెదడు వెన్నుపాముల్లోనే దాని కాపురం. చిన్నమెదడులో, అడుగు ఎక్కడ పడాలో నాలుక ఎట్లా తిరగాలో సరిచూసే పెద్ద కణాల్లో మరీ ఎక్కువ. కబురొస్తే ఆ ఎంజైమ్ లేవాలి, అందించాలి, మళ్లీ పడుకోవాలి. నాయనలో ఉన్నది పడుకోదు. కబురు లేకపోయినా కొంచెం కొంచెం పనిచేస్తూనే ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ కణాలు దెబ్బతిని పోతాయి. షిఫ్ట్ దిగడం తెలియని ఎంజైమ్! ఈ ఐటీ కారిడార్‌లో పుట్టినట్టే ఉంది.

మందు లేదండీ అంది. ఎక్సర్‌సైజులు, చేతికర్ర. మెల్లగా పెరుగుతుందట. పిల్లలకు వచ్చే అవకాశం సగం. మీరొక్కరేనా అండీ సంతానం అని అడిగి, కావాలంటే మీ రక్తం కూడా పంపిస్తాను, తొందరేం లేదు, ఆలోచించుకోండి అంది.

నిజం తెలుసుకోవడం ప్రతి మనిషి హక్కు. ఇది కూడా నా కరపత్రంలోదే. రక్తం ఇవ్వడానికి మాత్రం చెయ్యి చాపలేదు.

ఆగస్టు 19

రిపోర్టు తీసుకుని గాలిలో తేలుతూ కోకాపేట వెళ్లాను. నాయనను కూడా తీసుకెళ్లాను, వాళ్లు క్షమాపణ చెప్పేటప్పుడు ఎదురుగా ఉండాలని. సెక్యూరిటీ వాళ్లందరూ వినేలా చదివాను. తాగుడు కాదు, రోగం! పుట్టుకతో వచ్చింది! ఇప్పుడేమంటారు?

భీమేశ్వరరావు మొత్తం చదివాడు. కుర్చీలోంచి లేచాడు. నాయన రెండు చేతులూ పట్టుకుని, క్షమించు చంద్రయ్యా, పొరపాటు పడ్డాం అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు, ఆ మాట రాయాలి.

తర్వాత నా వైపు తిరిగాడు. తాగుడైతే మానిపించి పెట్టుకునేవాణ్ని బాబూ, ఇది మానేది కాదు కదా అన్నాడు. వచ్చీపోయే బళ్ల మధ్య నిలబెట్టి, పడితే ఎవరు పూచీ? ఏజెన్సీకి కూడా చెప్పక తప్పదు, ఇంకెక్కడా గేటు మీద వెయ్యరు అన్నాడు. నువ్వు ఇది చూపించకుండా ఉండాల్సింది అన్నాడు.

ఆగస్టు 20

నేను గెలిచాను.

సెప్టెంబర్ 3

ఓదెలన్న లేబర్ ఆఫీసుకు వెళ్దాం అన్నాడు. వెళ్లాం. కేసు బలమైంది, చాలా రోజులు పడుతుంది అన్నారు. నాయన అడిగింది ఒకటే. ఆదివారం నిలవడి తాగిన అని అందునా ఇప్పుడు? ఇప్పుడు కుదరదు నాయనా అన్నాను. రోగమని రిపోర్టు చూపించింది నేనే.

నాయన నన్ను తిడితే బాగుండేది.

సెప్టెంబర్ 21

నల్లగండ్ల అవతల కడుతున్న అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్ కావాలట. అమ్మ కనుక్కుని వచ్చింది. నాయనను తీసుకుని వెళ్లాను. మేస్త్రీ పుల్లయ్య నాయన నడక ఒక్కసారి చూసి నన్నే అడిగాడు, మీ అయ్య తాగుతడా అని.

రోగమంటే గేటు బయటికే దారి. అది నేర్చుకున్నాను.

అమ్మ నా మోచేయి పట్టుకుంది. నాయన తల దించుకున్నాడు.

తాగుతడు అన్నాను.

పుల్లయ్య నవ్వాడు. తాగనోడెవడు, సిమెంట్ బస్తాలు పోకుంటె సాలు, గుంతల పడకుండ జర సూసుకోమను అన్నాడు. నాయన పనిలో చేరాడు.

అక్టోబర్ 12

నాయన మెడ బోసిగా ఉంది. కంఠి దేవుడి పటానికి వేలాడుతోంది. గది మొత్తానికి ఆ ఒక్క పటమే కనిపిస్తోంది నాకు.

పూసలు జూసి పుల్లయ్య అనుమానవడుతుండు బిడ్డా, వాసన రాదేంది అంటుండు అన్నాడు. డ్యూటీకి పోయే ముందు తలుపు వెనక నుంచి చిన్న సీసా తీశాడు. సీసాను కూడా చేతితో ముట్టలేదు, రుమాలుతో పట్టుకున్నాడు. అమ్మ చేత మూతెడు పోయించి చొక్కా మీద చల్లించుకున్నాడు. మొహం పక్కకు తిప్పుకున్నాడు. నోట్లోకి పోకుండా పెదాలు బిగించాడు.

సాక పోసినట్టే ఉంది.

అక్టోబర్ 30

ఆర్డర్‌లో సూప్ అంతా ఒలికింది. రేటింగ్ పడింది. మెట్లు సరిగా లేవు. నిద్ర కూడా చాలడం లేదు.

నవంబర్ 16

యూనియన్ మీటింగ్‌లో కరపత్రం చదువుతుంటే, అబద్ధంతో వచ్చే అన్నం మాకొద్దు అన్న నా వాక్యం దగ్గరే నాలుక మడతపడింది. మళ్లీ చదివాను. మళ్లీ పడింది. ఓదెలన్న పక్కకు పిలిచి నా నోటి దగ్గర వాసన చూశాడు. నువ్వు గూడ మొదలువెట్టినవా తమ్మీ అన్నాడు.

తాగిన అన్నా, తప్పయింది, ఇగ ముట్ట అన్నాను.