సూమికి మందు, మహారాణికి కార్డు

జిల్లా ఆరోగ్య బీమా అధికారి గారి సముఖమునకు, మధ్య జావా, కరంగ్‌వుని గ్రామంలో సోయా గింజలు ఉడికించి, పులియబెట్టి, టెంపే అట్టలు చేసి అమ్ముకొను పొనిరన్ వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నాకున్న ఒక్క కుమార్తెను ఇద్దరుగా లెక్కించిన తమ కార్యాలయ ఉత్తర్వును రద్దుచేసి, రెండవ విడత చికిత్స మంజూరు చేయుట గురించి.

1. నా కుమార్తె దేవి మహారాణి కెంచన, వయస్సు పందొమ్మిది, బాతిక్ బట్టల మీద మైనంతో పూలు దిద్దే పని చేసేది. గత వానాకాలంలో ఆమెకు నిద్ర కరువైంది. గోడలోంచి ఎవరో తిడుతున్నారన్నది. నన్ను చూసి "మా నాన్నను చంపి ఆయన చొక్కా తొడుక్కున్నావు" అని కేకలు పెట్టింది. మానసిక ఆసుపత్రివారు పిచ్చి అని రాసి మందులిచ్చారు. ఆ మందులకు పిల్ల కట్టెలా బిగుసుకుపోయి జ్వరాన పడింది.

2. పిల్ల ఎటూ పోకుండా కాళ్ళకు బిగించమని మా పేట పెద్ద బొండకొయ్య పంపించాడు. దాన్ని గొడ్డలితో నరికి సోయా గింజలు ఉడకబెట్టుకున్నాను. అందుకు విచారించడం లేదు.

3. మా అత్తగారు, "ఏం నాయనా, టెంపే అమ్ముకునేవాడి కూతురికి మహారాణి అని పేరా? అంత బరువు ఆ పిల్ల మోయగలదా?" అని దులిపేశారు. జబ్బు వదలని బిడ్డకు పేరు మార్చడం మన వైపు ఆనవాయితీ అని తమకు తెలియనిది కాదు. ఎర్రజావ, తెల్లజావ కాచి ఇరుగుపొరుగుకు పంచి, ఇకపై సూమి అన్నాము. పాత పేరెత్తితే జబ్బు వెనక్కి వస్తుందట. అందుచేత, పిల్లను తెలివి తప్పిన స్థితిలో పట్నం పెద్దాసుపత్రిలో చేర్చినప్పుడు కూడా సూమి అనే రాయించాను. బీమా కార్డు తర్వాత తెమ్మన్నారు.

4. అక్కడ డాక్టర్ హెస్తిగారు వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చేయించారు. "పెద్దాయనా, ఇది దయ్యం కాదు, పేరు బరువూ కాదు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే మీ అమ్మాయి మెదడును పరాయిదనుకుని దాని మీద పడింది. అందరి పిచ్చీ ఇలాంటిది కాదు, ఈ పిల్లది మాత్రం ఇదే. దాన్ని అణిచే మందు పెడతాం" అన్నారు. పేరు మార్చి నెల దాటినా మనిషిని పోల్చని పిల్ల, ఆ మందు నరంలోకి ఎక్కిన వారానికి, "నాన్నా, మిరపకాయ పచ్చడి లేకుండా ఈ గంజి ఎట్లా తాగమంటావ్?" అని విసుక్కుంది. నేను వరండాలోకి పోయి ఏడ్చాను. ఇది అర్జీలో రాయదగిన సంగతి కాదని ఎరుగుదును.

5. రెండో విడత పడకపోతే తిరగబెట్టవచ్చునని డాక్టరమ్మ రాసిచ్చారు. ఆ కాగితంతో తమ కార్యాలయం మూడవ కిటికీ వద్దకు వెళ్ళగా గుమాస్తాకూ నాకూ జరిగిన మాటలు:

"కార్డు మహారాణిది. మందు వాడింది సూమి. సూమికి కార్డేదీ?"

"ఇద్దరూ ఒకరే బాబూ."

"సరే, ఒకరే అనుకుందాం. మహారాణికి పిచ్చి అని మా దగ్గర రాసుంది. పిచ్చికి ఈ మందు వర్తించదు."

"ఆ మందుతోనే కదయ్యా తగ్గింది!"

"తగ్గితే మళ్ళీ దేనికి పెద్దాయనా?"

6. ఒంట్లో కాపలా కాయవలసినదే సొంత మనిషిని పోల్చుకోలేదని డాక్టరమ్మ చెప్పినప్పుడు నాకు సరిగా బుర్రకెక్కలేదు. తమ కిటికీ దగ్గర నిలబడ్డాక ఎక్కింది. ఒంటికైతే మందుంది. తమ కార్యాలయానికి ఏ మందు పెట్టాలో డాక్టరమ్మ చెప్పలేదు.

7. అమ్మాయిని సోమవారం హాజరుపరచాలని, గుమాస్తా పాత పేరుతో పిలవగా ఆమె పలికితే ఇద్దరూ ఒకరేనని రాసుకుంటామని కబురొచ్చింది. ఆ పేరెత్తితే ఇల్లు విడిచిపోతానని మా అత్తగారు కూర్చున్నారు. పోతే పోనివ్వండి. మొన్నటినుంచి పిల్లకు మళ్ళీ నిద్ర లేదు. నోట్లో ఏమీ లేకుండానే నములుతోంది.

కావున తమరు ఈ గోడు చిత్తగించి, సోమవారం దాకా ఆగకుండానే మంజూరు చేయించవలెనని వేడుకొను

తమ విధేయుడు,
పొనిరన్

తా.క.: సోమవారానికి అలవాటవుతుందని, ఉత్తరం మడిచేముందు "మహారాణీ" అని పిలిచాను. పలకలేదు. ఆ పేరంటే భయపడిందేమోనని "సూమీ" అన్నాను. దానికీ పలకలేదు. గోడవైపు తిరిగి ఎవరికో జవాబు చెబుతోంది. అయ్యా, ఏ పేరు మీదైనా సరే. ఈ రోజే ఇవ్వండి.