ఎండలో వచ్చిన వరద

ప్రేమగల అన్నయ్యకి,

ప్రేమ ఉంది కాబట్టే ఈ కోపం. ఎదురుగా వచ్చి చెబుదామంటే, నేను నోరు తెరవగానే నువ్వు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెడతావు. ప్రార్థన మధ్యలో తగువాడటం నాకు చేతకాదు. అందుకే నాలుగు వీధుల అవతల ఉన్న మనిషికి ఉత్తరం రాస్తున్నాను. కూర్చుని చదువు. నిలబడితే మధ్యలో నీకేదో పని గుర్తొస్తుంది.

మా ఆయన కోసం, ఆయన పడవలో పోయిన ఆరుగురి కోసం ఆదివారం ఆరాధన పెట్టి నువ్వు చదివిందేమిటి? ఆ పాత హీబ్రూ ప్రవక్త పద్యం. దేవుడు గద్దిస్తే సముద్రం వెనక్కి పోతుందట, ఆయన అడుగు పడితే కొండలు నీరవుతాయట, నదులు ఆయన చెప్పినట్టు పొంగుతాయట. అంతవరకు చదివి పుస్తకం మూసి, "మన నది కూడా ఆయన మాటే వింది" అన్నావు. ముందు బల్లలో డ్యాము పెద్ద ఇంజనీరు ఎంత నిశ్చింతగా తల ఊపాడో చూశావా? 

ఏ మాట విందన్నయ్యా నది? ఆ రోజు చినుకు పడలేదు. ఫెళ్ళున ఎండ కాస్తోంది. నేను పెరట్లో దుప్పట్లు ఆరేస్తున్నాను. ఉరుము లేదు, మెరుపు లేదు, ఏ కొండా ఒక్క గులకరాయైనా రాల్చలేదు. డ్యాములో నీళ్ళు అంచుదాకా నింపి కూర్చుని, ఇక ఆగదని తెలిశాక గేట్లన్నీ ఒక్కసారే ఎత్తేశారు. అప్పుడు మా ఆయన పడవ నది మధ్యలో ఉంది. నీ దేవుడికి గేట్లు ఎత్తే ఉద్యోగం ఎవరిచ్చారు?

ఎత్తేముందు సైరన్ మోగించాలి. ఆ స్తంభం మీ ఇంటి ప్రహరీని ఆనుకునే ఉంది. ఆ రోజు నువ్వు ఇంట్లోనే ఉన్నావు. మోగలేదని నీకంటే బాగా చెప్పగలిగేవాళ్ళు ఊళ్ళో లేరు. వాళ్ళేమో మోగించామంటున్నారు. సోమవారం విచారణలో దైవకృత్యం అని చేతులు దులుపుకుంటారు. ఆ మాట వాళ్ళ నోటికి అందించింది నువ్వు! సాక్ష్యానికి రమ్మని నిన్న ఆరిళ్ళకీ తిరిగాను. కొడుకు పోయిన ముసలావిడ నా చెయ్యి పట్టుకుని, "పాస్టరుగారే దేవుడి పని అన్నాక, మనం పోయి ఎవరి మీద చెప్తామే తల్లీ? దేవుడి మీదా?" అంది. 

నువ్వు మూసిన చోట పద్యం అయిపోలేదు. ఇంటికొచ్చి చివరిదాకా చదివాను. మన చర్చిలో నువ్వొక పాదం చదివితే మేం జవాబు పాదం చదవడం పద్ధతి కదా, ఆ ప్రవక్తలు రాసిందే అలా రెండేసి పాదాలు. కొండలు కరిగాక, ఆయన కోపం ఎవరి మీదో వస్తుంది. జవాబుకి నోరు తెరుచుకుని నిలబడ్డాను, నువ్వు ఆమెన్ అనేశావు. ఆ దేవుడు కొండల్ని కదిలించుకుంటూ వస్తున్నది పడవెక్కినవాళ్ళ మీదికి కాదన్నయ్యా. బీదవాళ్ళ ఇళ్ళు మింగి మేడలు కట్టుకున్నవాళ్ళ మీదికి. వచ్చే ఆదివారం ఆ మిగిలింది చదువు. సోమవారం వచ్చి సైరన్ మోగలేదని చెప్పు. అంతవరకు నేను చర్చి గడప తొక్కను.

నీ చెల్లెలు

*

నా బంగారు చెల్లికి,

కూర్చునే చదివాను. సైరన్ మోగలేదు. నాకు తెలుసు. కానీ బావ కోసం పెట్టిన ఆరాధనలో నిలబడి, ఎవడో మీట నొక్కడం మరిచిపోయినందుకు ఈ మనిషి పోయాడు అనడానికి నాకు నోరు రాలేదమ్మా. దేవుడి చిత్తమైతే దానికో అర్థం ఉంటుంది. ఊరికే పోయాడంటే ఆ బరువు నేను మోయలేను. చర్చీ, నేనుంటున్న ఇల్లూ డ్యాము వాళ్ళ స్థలంలోనే ఉన్నాయన్నదీ నిజమే, దాచను. ప్రవక్తల కోపం మనలాంటివాళ్ళు అరువు తెచ్చుకునేది కాదు. కాస్త శాంతించు.

నీ మేలు కోరే అన్నయ్య

*

అన్నయ్యా,

మోయలేనంటావా? ఆయన్ని ఒడ్డుకి తెచ్చినప్పుడు ఒక భుజం నేనే పట్టాను. అప్పుడు నన్నెవరూ మోయగలవా అని అడగలేదు. నీకు అర్థం కావాలి కాబట్టి మా ఆయన చావుని తీసుకెళ్ళి ఇంజనీరుకి గొడుగులా పట్టావు. నాకు అర్థం అక్కర్లేదు. నిజం చాలు. శాంతించమని మళ్ళీ రాయకు.

చెల్లెలు

*

చెల్లీ,

ఇవాళ విచారణలో సాక్షుల్ని ఒక్కొక్కరినే లోపలికి పిలిచారు కాబట్టి నేనేం చెప్పానో నీకు తెలీదు. బయటికొచ్చి నీ మొహం చూడలేక తిన్నగా ఇంటికొచ్చేశాను. అందుకే రాస్తున్నాను.

ముందు ఆదివారం సంగతి. అన్నంత పనీ చేసి నువ్వు రాలేదు. నేను ఆ మిగిలిన భాగం తీశాను. "బీదవాడి గడప మింగినవాళ్ళారా" అని నా పాదం చదివి ఆగాను. జవాబు లేదు. అందరి చేతుల్లో పుస్తకాలున్నాయి, అందరూ ఇంజనీరు వీపు వైపే చూస్తున్నారు. మళ్ళీ చదివాను. మళ్ళీ అంతే. వాళ్ళని అలా తయారుచేసింది నేనే కదా అని సిగ్గేసింది. వేదిక దిగి వచ్చి, నువ్వూ బావా కూర్చునే బల్ల దగ్గర నిలబడి, మీ పాదం నేనే చదివాను. "మీ మేడ పునాదులే మీ మీద నోరు విప్పుతాయి." వెనకనుంచి ఆ ముసలావిడ, "పైకెళ్ళి మొదట్నించీ చదవండయ్యా, ఈసారి మేం చెప్తాం" అంది. చెప్పారు. ఇంజనీరు మధ్యలో లేచి వెళ్ళిపోయినా ఎవరూ ఆపలేదు. ఇవాళ ఆరిళ్ళవాళ్ళూ విచారణకి వచ్చింది అందుకే.

లోపల డ్యాము వాళ్ళ లాయరు నా ప్రసంగమే నాకు అప్పజెప్పాడు. "నది దేవుడి మాట విందని మీరే అన్నారు కదండీ?" అన్నాడు.

"అన్నానండీ. నది దేవుడి మాట వింటుందని ఇప్పటికీ నమ్ముతాను. ఆ రోజు మాత్రం అది మీ మాట వింది. సైరన్ మోగలేదు" అన్నాను. రాసుకునే ఆయన మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను.

సాయంత్రానికే ఇల్లు ఖాళీ చెయ్యమని కబురొచ్చింది. చేస్తాను. నువ్వు శాంతించలేదు సరికదా, ఇప్పుడు నాకూ కోపమొచ్చింది. అదీ దేవుడి మీద. సముద్రాన్ని వెనక్కి పంపగలిగినవాడు ఒక్క పడవని ఒడ్డుకి ఎందుకు చేర్చలేదని రోజూ నిలదీస్తున్నాను. ఆయన ఇంకా ఏమీ అనలేదు. కానీ అది నాకూ ఆయనకూ మధ్య తగువు. అందులో దూరి దాక్కోవడానికి ఇంజనీరుకి ఇక చోటివ్వను.

నీ అన్న