గడ్డిబండి ముడి

చింతామణి, బుధవారం

నాయనకు ప్రతిమ దండాలు. నేను బాగున్నాను. నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి కార్డు రాస్తున్నాను. చెల్లెలు అర్పిత చదివి వినిపిస్తుంది.

"చదివించింది కట్టెలు తోలేదానికా?" అని నువ్వన్న మాట మరిచిపోలేదు. అయినా పికప్ సిద్ధమైంది. పట్టుదారం తీసే కార్ఖానా బాయిలర్‌కు నీలగిరి చెక్కముక్కలు తోలడానికి తొట్టి చుట్టూ రేకులు బిగించి ఎత్తు పెంచాను. ఎత్తి కుమ్మరించే జాకీని ఈ పాత బండి మోయలేదని వెల్డరు అన్నాడు. అందుకని అడుగున పట్టా పరిచి సరుకు నింపాను. పట్టా ముందు అంచుకు కట్టిన మోకును సరుకు మీదుగా వెనక్కి తెచ్చి రాతికంబానికి కట్టి, బండి ముందుకు తోలితే ముక్కలన్నీ వెనక్కి పొర్లి పడాలి. నిన్న బండి కదిలింది, నా ముడి జారింది, సరుకు ఉన్నచోటే ఉంది. కార్ఖానాలో పనిచేసే పుట్టమ్మ, "ఏమ్మా, చూపించి మళ్లీ తోలుకొని పోతాండావా?" అని నవ్వింది. పారతో తోడేసరికి చేతులు బొబ్బలెక్కాయి.

గడ్డిబండికి నువ్వు వేసే ముడి ఎంత బరువుకూ జారదు, కొస పట్టి లాగితే ఇట్టే ఊడుతుంది. అది నాకు ఏ బడిలోనూ చెప్పలేదు.

అమ్మ మోకాలు ఎట్లుంది? పట్టుపురుగులకు ఆకు సరిపోతోందా? పట్టా అంచు కుట్టాలి, అటక మీది దబ్బనం అర్పితను తీసి పెట్టమను.

వచ్చే మంగళవారం సాదలి మీదుగా వస్తాను. ఇంటి ముందు హారన్ కొడతాను. బండెక్కమని అడగను. బయటికి వచ్చి ఆ ముడి ఒక్కసారి వేసి చూపించు నాయనా.

అర్పితా, ఈ చివరి మాట రెండుసార్లు చదువు.

మీ ప్రతిమ